పుల్లల బిగువు తెలిసిన చెయ్యి

దేవరకొండలో మా నాయినకు సైకిల్ షాపు ఉండేది. పంచర్లు, హవా కొట్టడం, చైను ఎక్కించడం, కిరాయి సైకిళ్ళు ఇవ్వడం అన్ని షాపుల్లోనూ ఉండే పనులే. మా షాపును వెతుక్కుంటూ జనం వచ్చింది మాత్రం చక్రాల బెండు తీయించుకోవడానికి. డిండి రోడ్డు నుంచి, కొండమల్లేపల్లి వైపు నుంచి, చందంపేట తండాల నుంచి సైకిల్‌ను నడిపించుకుంటూ వచ్చేవాళ్ళు. కొందరైతే వంకరపోయిన చక్రం ఒక్కటే ఊడదీసి, భుజాన వేసుకుని బస్సు దిగేవాళ్ళు. నేను పెరిగింది 1980లలో. బడి వదలగానే పుస్తకాల సంచి షాపు మూలన పెట్టి నాయిన పక్కన కూర్చునేదాన్ని. మొదట సామాన్లు అందించడం, తర్వాత పంచర్లు, ఆ తర్వాత చక్రాలు. పెద్దయ్యాక ఫిజిక్స్ టీచరునయ్యాను. బలాలు, బిగువు, సమతుల్యం పాఠాలు ఎన్ని తరగతులకు చెప్పినా, నేను వాటిని మొదట చదువుకున్నది ఆ షాపులోనే అని పిల్లలకు చెబుతుంటాను.

మా దిక్కు ఇండ్లు గడిచింది సైకిళ్ళ మీద. పాలాయన క్యారియర్‌కు రెండు వైపులా క్యాన్లు వేలాడదీసుకుని తెల్లారకముందే బయల్దేరేవాడు. గీత పని చేసే తాతలు కల్లు లొట్టిలు కట్టుకొచ్చేవాళ్ళు. ఆముదాల కాలంలో చిన్న రైతులు ఒక బస్తాను ఫ్రేము మధ్యలో ఇరికించి, ఇంకొకటి వెనక వేసి, తాము ఎక్కకుండా నెట్టుకుంటూ మార్కెట్‌కు వచ్చేవాళ్ళు. అన్నిటికన్నా ఎక్కువగా చక్రాలను తిన్నవి నీళ్ళు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడు. ఎక్కడ తాగే నీళ్ళు మంచిగుంటే అక్కడి నుంచి టిన్నుల్లో తెచ్చుకోవాల్సిందే. ఒక్కో టిన్నులో 15 లీటర్లనుకున్నా రెండు కలిపి 30 కిలోలు, పైన మనిషి. బస్తా కట్టిన చోట కదలకుండా ఉంటుంది. నీళ్ళు అలా ఉండవు, గుంత వచ్చినప్పుడల్లా టిన్నులో అటూ ఇటూ కొట్టుకుంటాయి. సైకిల్ చక్రం నిలువు బరువును చాలా మోస్తుంది. పక్కకు తోసే బలానికే తొందరగా లొంగిపోతుంది. చక్రం నడిమిలో ఇరుసు మీద తిరిగే హబ్బు వెడల్పు ఎంత? మూడు నాలుగు వేళ్ళు. అంత సన్నని చోటు నుంచి బయల్దేరిన పుల్లలే, అంటే హబ్బును రింగుకు కలిపే సన్న తీగలే, అంత పెద్ద రింగును ఏ పక్కకూ ఒరగకుండా పట్టుకోవాలి.

ఇంకా చక్రాలు వంకరపోయే దారులు చాలా ఉండేవి. ఎడ్ల బండ్లు నడిచిన బాటల్లో లోతుగా గాళ్ళు పడి, ముందు చక్రం దాంట్లో దిగి, తొక్కేవాడు హ్యాండిల్ పక్కకు తిప్పితే రింగు మెలి తిరిగేది. దూరం ఊళ్ళ నుంచి బస్సు టాపు మీద సైకిల్ వేసుకొచ్చేవాళ్ళు, దాని మీద ఎవరిదో మూట పడేది. ఇక కిరాయి సైకిళ్ళు! కాళ్ళు అందని పిల్లలు ఫ్రేము సందులోంచి కాలు దూర్చి కైంచీ తొక్కుతూ, బ్రేకు గుర్తురాక గోడకు పోయి గుద్దేవాళ్ళు. మా కిరాయి సైకిళ్ళ మడ్‌గార్డుల మీద నంబర్లు రాసి ఉండేవి. వాపస్ వచ్చిన ప్రతి సైకిల్‌ను నాయిన ఎత్తి, ముందు చక్రం ఒక తిప్పు తిప్పి చూశాకే నోట్‌బుక్కులో టైము రాసేవాడు.

అప్పట్లో మా దగ్గరికి వచ్చేవన్నీ 28 అంగుళాల నల్ల సైకిళ్ళే. లూథియానా హీరో, సోనీపత్ అట్లాస్, మద్రాసు అంబత్తూరు నుంచి వచ్చే హెర్క్యులెస్. 1986లో హీరో కంపెనీ ప్రపంచంలోనే ఎక్కువ సైకిళ్ళు తయారుచేసేదిగా గిన్నిస్ బుక్కులో చేరిందని తెలిసి నాయిన తన సొంత కంపెనీ గెలిచినంత సంబరపడ్డాడు. బ్రాండు ఏదైనా చక్రం లెక్క ఒకటే. ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక దానికి 40. బరువు ఎక్కువగా పడేది వెనక కాబట్టి అక్కడ ఎనిమిది ఎక్కువ. ఈ లెక్క ఇంగ్లండ్ సైకిళ్ళ నుంచి మనకు వచ్చింది. పుల్లలు హబ్బు నడిమి నుంచి తిన్నగా రింగుకు పోకుండా, హబ్బు అంచుకు పక్కవాటుగా బయల్దేరి ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయే పద్ధతికి జేమ్స్ స్టార్లీ అనే ఆయన 1874లో పేటెంట్ తీసుకున్నాడని తర్వాత చదువుకున్నాను. అలా వాలుగా ఉంటేనే పెడల్ తొక్కిన బలం హబ్బు నుంచి రింగుకు చేరుతుంది. తిన్నగా ఉన్న పుల్లలైతే ఆ మెలికకు హబ్బు దగ్గర వంగుతూ తొందరగా తెగుతాయి.

సైకిల్ పుల్ల విడిగా ఉన్నప్పుడు ఎంత బలహీనమో అందరికీ తెలుసు. రెండు మిల్లీమీటర్ల తీగ. వేలితో నొక్కితే వంగుతుంది. ఒక చివర నేల మీద ఆనించి పైనుంచి అదిమితే పిల్లవాడి బలానికి కూడా నిలవదు. అదే పుల్లను రెండు చివరలా పట్టుకుని లాగండి. ఏ పహిల్వాను లాగినా తెగదు. చక్రం ఈ ఒక్క గుణం మీదే నిలబడి ఉంది. పుల్లలన్నీ హబ్బు వైపు లాగుతుంటాయి, రింగు ఆ లాగుడుకు ఎదురు నిలుస్తుంది. అన్ని దిక్కుల నుంచీ లాగుడు సమంగా ఉన్నంతకాలం రింగు గుండ్రంగా, సూటిగా ఉంటుంది. ఈనాటి మంచి చక్రాల్లో కొన్ని పుల్లల్లో ఒక్కోదానికి దాదాపు 100 కిలోలు వేలాడదీసినంత బిగువు పెడతారు. పాత నల్ల సైకిళ్ళలో అంత ఉండదు గానీ సూత్రం అదే.

నాయిన చదివింది ఐదో తరగతి. ఆయన నాకు చెప్పిన మొదటి మాట: "బిడ్డా, రింగు వంకరయిందని అందరు అంటరు. రింగును కాదు, పుల్లల్ని సూడు." వంకర కనిపించేది రింగులో. కారణం చాలాసార్లు పుల్లల్లో. ఒక పుల్ల వదులైతే అది లాగాల్సిన వైపు లాగుడు తగ్గుతుంది, అవతలి వైపు పుల్లలు రింగును తమ వైపు లాక్కుంటాయి. చూసేవాళ్ళకు అక్కడ రింగు వంగినట్టు కనబడుతుంది. సుత్తె తీసుకుని రింగును కొట్టేవాళ్ళు ఉండేవాళ్ళు. ఆ పని చూస్తే నాయినకు ప్రాణం పోయినంత బాధ.

చక్రం తిరిగేటప్పుడు ఏ పుల్ల బరువు మోస్తుందనే ప్రశ్న నన్ను చాలా కాలం పట్టి పీడించింది. పైన ఉన్న పుల్లలకు హబ్బు వేలాడుతుందని అనుకునేదాన్ని. కాలేజీలో లెక్కలు చేస్తే తేలింది వేరు. బరువు పడినప్పుడు నేలకు దగ్గరగా ఉన్న కొద్ది పుల్లల్లో బిగువు తగ్గుతుంది, మిగతా వాటిలో పెద్దగా మార్పు ఉండదు. అంటే చక్రం తిరిగిన ప్రతిసారీ ప్రతి పుల్లా కిందికి వచ్చినప్పుడు కొంచెం వదులై, పైకి పోగానే మళ్ళీ బిగుస్తుంది. మొదటే తగినంత బిగువు ఉంటే ఈ రాకపోకల్ని తట్టుకుంటుంది. లేకపోతే కిందికి వచ్చినప్పుడల్లా పూర్తిగా వదిలేస్తుంది. వదిలిన పుల్ల నిపిల్‌లో, అంటే దాన్ని రింగుకు బిగించే చిన్న నట్టులో కదిలి, మరలు తమంతట తాము ఊడుతూ, ఇంకా వదులవుతుంది. హబ్బు దగ్గర వంకీ ఉన్న చోట ఆ కదలికకు అలసి చివరికి ఒకనాడు టప్పున తెగుతుంది. ఒకటి తెగితే పక్కవాటి మీద భారం పడి అవీ వరసగా పోతాయి. నాయిన దీన్ని నాలుగు మాటల్లో చెప్పేవాడు: "వదులు పుల్లనే తెగుతది, బిగువు పుల్ల తెగదు." నీళ్ళ టిన్నుల వాళ్ళకు ఇది నమ్మించడం కష్టంగా ఉండేది. గట్టిగా బిగిస్తే తెగిపోతాయేమోనని భయపడి, "జర వదులుగనే పెట్టన్నా" అని బతిమాలేవాళ్ళు.

పని మొదలుపెట్టే పద్ధతి ఒకటి ఉండేది, దాన్ని నాయిన ఎన్నడూ దాటలేదు. ముందు పుల్లల పానా చేతికి తీసుకోవద్దు. చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని పక్కలకు ఆడించాలి. లోపల టక్‌టక్‌మని ఆడితే ఇరుసు మీద బాల్స్‌ను, అంటే ఇనుప గోలీలను పట్టి ఉంచే కోను వదులైంది, లేదా ఆ బాల్స్ అరిగాయి. దాన్ని సరిచేయకుండా పుల్లలు తిప్పితే రోజంతా తిప్పినా ఊపు పోదు. మా ఊళ్ళలో బండి ఇరుసులకు ఆముదం పోసే అలవాటు ఉండేది, కొందరు సైకిల్ హబ్బులో కూడా అదే పోసుకొచ్చేవాళ్ళు. దుమ్ముతో కలిసి నల్లటి బంకగా తయారయ్యేది. విప్పి, కిరోసిన్‌తో కడిగి, బాల్స్ కూర్చునే కటోరీ తుడిచి, గ్రీజు పెట్టి, కొత్త బాల్స్ పేర్చి, కోను బిగించి, అప్పుడు చక్రం పని. తర్వాత తెగిన పుల్లలు ఉన్నాయేమో వేలితో తడుముతూ చుట్టూ పోవాలి. ఉంటే ముందు అవి మార్చాలి. ఆ తర్వాత పుల్లల్ని జంటలుగా వేళ్ళ మధ్య పట్టి నొక్కుతూ ఒక చుట్టు, ఎక్కడ వదులుందో చెయ్యికి తెలియడానికి. అప్పుడు గోటితో ఒక్కో పుల్లను మీటుతూ ఇంకో చుట్టు. ఏక్‌తార తీగ మీటినట్టు ప్రతి పుల్లా ఒక స్వరం ఇస్తుంది. బిగువు పెరిగితే స్వరం పెరుగుతుంది. ఒకే వైపు పుల్లలన్నీ దగ్గర దగ్గర స్వరంలో పలకాలి. నాయిన పని చేస్తూ పక్కవాళ్ళతో మాట్లాడుతూనే ఉండేవాడు గానీ, మీటే చుట్టు వచ్చినప్పుడు మాట ఆపేవాడు.

బెండు తీసే స్టాండు ఆయనే తయారుచేసుకున్నాడు. విరిగిన సైకిల్ చిమ్టాను, అంటే చక్రాన్ని రెండు పక్కలా పట్టే ఫోర్కును తలకిందులుగా ఒక మొద్దుకు బిగించి, దాని రెండు కాళ్ళకు ఇనుప తీగలు చుట్టి, వాటి కొనలు రింగు అంచు దాకా వచ్చేలా వంచాడు. చక్రం తిప్పితే రింగు ఎక్కడ పక్కకు వస్తుందో అక్కడ తీగ కొన తగిలి గీరుతుంది. నాకు నేర్పేటప్పుడు సుద్ద ముక్క ఇచ్చాడు. చెయ్యి కదలకుండా పట్టుకుంటే రింగు బయటికి వచ్చిన చోట తెల్ల గుర్తు పడుతుంది. ఆ గుర్తు మొదలు, చివర చూసి, సరిగ్గా మధ్యలో ఉన్న పుల్లల దగ్గర పని మొదలు.

రింగు కుడివైపుకు వస్తే, హబ్బు ఎడమ అంచు నుంచి వచ్చే పుల్లల్ని అక్కడ కొంచెం బిగించాలి, కుడి అంచు నుంచి వచ్చేవాటిని అంతే వదలాలి. రెండూ చేయాలి. బిగించడం ఒక్కటే చేస్తూ పోతే రింగు పక్కకు సరైనా అక్కడ లోపలికి గుంజుకుపోయి, గుండ్రం చెడుతుంది. ఎంత తిప్పాలి? పావు చుట్టు. నిపిల్ ఒక పూర్తి చుట్టు తిరిగితే పుల్ల అర మిల్లీమీటరు కూడా కదలదు, 0.45 మాత్రమే. పావు చుట్టుకు దాదాపు 0.1 మిల్లీమీటరు. అంత చిన్న కదలికకే రింగులో తేడా కంటికి కనపడుతుంది. మధ్య పుల్లకు పావు చుట్టు, దాని పక్కవాటికి అందులో సగం, మళ్ళీ చక్రం తిప్పి చూడు. ఏ వైపు తిప్పితే బిగుస్తుందో కొత్తవాళ్ళు ఎప్పుడూ తికమకపడతారు. టైరు వైపు నుంచి నిపిల్ తలను చూస్తున్నట్టు ఊహించుకోవాలి. అక్కడి నుంచి గడియారం ముళ్ళు తిరిగే దిక్కు బిగుతు. హబ్బు వైపు నుంచి చూస్తే అదే తిరగబడి కనిపిస్తుంది.

నిపిల్‌తో పాటు పుల్ల కూడా కొంత మెలి తిరుగుతుంది. తిప్పి వదిలేస్తే ఆ మెలి అందులోనే ఉండిపోయి, సైకిల్ నాలుగడుగులు నడవగానే విడిపోతుంది, పని మొత్తం పాడవుతుంది. అందుకే నాయిన కావాల్సిన దానికన్నా కొంచెం ఎక్కువ తిప్పి, ఆ కొంచెం వెనక్కి తెచ్చేవాడు. అంతా అయ్యాక పక్కపక్కన పోయే పుల్లల్ని రెండు చేతులతో జంటలుగా పట్టి గట్టిగా పిండేవాడు. టింగు టింగుమని చప్పుళ్ళు వచ్చేవి. పుల్లలు హబ్బు చిల్లుల్లో, నిపిళ్ళు రింగులో తమ చోట సర్దుకుంటున్న చప్పుడు అది. మళ్ళీ తిప్పి చూస్తే కొంచెం తేడా కనబడేది, మళ్ళీ సరిచేసేవాడు. చప్పుడు రానిదాకా ఇదే. చాలామంది ఈ పిండే పని చేయరు. అందుకే వారం తిరక్కుండా చక్రం మళ్ళీ ఊగుతుంది.

పక్కకు ఊగడం కంటికి తొందరగా కనబడుతుంది. ఎత్తుపల్లం అంత సులువుగా కనబడదు. మా కాలం సైకిళ్ళకు రాడ్ బ్రేకులు. హ్యాండిల్ కింది కడ్డీ లాగితే రబ్బరు ముక్కలు పుల్లలకు రెండు పక్కలా, రింగు లోపలి వైపుకు వచ్చి ఒత్తుకుంటాయి. రింగు ఒకచోట ఎత్తుగా, ఒకచోట పల్లంగా ఉంటే, బ్రేకు పట్టి వదిలి, పట్టి వదిలి, కుదుపులతో ఆగుతుంది. దిగుడు రోడ్డులో వెనక బరువుతో వచ్చేవాడికి అది ప్రమాదమే. రింగు ఎత్తు అయిన చోట రెండు వైపుల పుల్లల్నీ సమంగా బిగించి లోపలికి దించాలి, పల్లం ఉన్న చోట రెండు వైపులా వదలాలి. రాయికి కొట్టుకుని రింగులో సొట్ట పడితే మాత్రం పుల్లలతో అయ్యే పని కాదు. ఆ మాట నాయిన మొహమాటం లేకుండా చెప్పేవాడు.

వెనక చక్రం వేరే చదువు. కుడివైపు చైను తిప్పే పళ్ళ చక్రం, ఫ్రీవీల్, ఉంటుంది కాబట్టి హబ్బు కుడి అంచు కొంచెం లోపలికి ఉంటుంది. రింగు మాత్రం సైకిల్‌కు సరిగ్గా నడిమిలో ఉండాలి. అందుకని కుడి పుల్లలు ఎక్కువ నిటారుగా, ఎక్కువ బిగువుతో, ఎడమవి కొంచెం వాలుగా, తక్కువ బిగువుతో ఉంటాయి. మీటితే రెండు వైపులా వేరే స్వరాలు. ఇది తెలియనివాళ్ళు రెండు వైపులూ ఒకటే చేయబోయి రింగును పక్కకు తీసుకుపోతారు. నడిమి కుదిరిందో లేదో చూడటానికి నాయిన చక్రాన్ని స్టాండులో ఒకసారి పెట్టి, తీగ కొన రింగుకు తాకీ తాకనట్టు సర్దేవాడు. తర్వాత చక్రాన్ని తీసి కుడి ఎడమలు మార్చి పెట్టేవాడు. తీగకు, రింగుకు మధ్య అదే సందు ఉంటే నడిమి కుదిరినట్టు. కుడివైపు పుల్ల తెగితే ఫ్రీవీల్ ఊడదీయకుండా కొత్తది వేయడం కుదరదు. ఏళ్ళ తరబడి తొక్కిన బలానికి అది బిర్రుగా బిగుసుకుని ఉండేది. దాన్ని విప్పడానికి నాయిన, ఇంకొకరు కలిసి బలమంతా పెట్టాల్సి వచ్చేది.

పని పూర్తయ్యాక పుల్లల కొనలు నిపిల్ దాటి రింగు లోపలికి వచ్చాయేమో వేలితో చూడాలి. వస్తే ఆకురాయితో అరగదీయాలి, లేకపోతే ట్యూబును లోపలి నుంచి పొడుస్తాయి. పైన పాత ట్యూబు కోసి చుట్టిన రబ్బరు పట్టీ. అప్పుడు టైరు.

ఆడపిల్ల ఈ పని చేయడం మా ఊళ్ళో కొందరికి నచ్చలేదు. "ఆడపిల్లతోని గ్రీజు పని చేయిస్తున్నవేందన్నా" అని నాయినను అడిగినవాళ్ళు ఉన్నారు. నాయిన వాదించేవాడు కాదు. "చెయ్యి కుదిరింది, చేస్తది" అని ఊరుకునేవాడు. అమ్మ బాధ వేరు, నా గోళ్ళలో నలుపు పోదని. రంపపు పొట్టు, కిరోసిన్ కలిపి రుద్ది, తర్వాత బట్టల సబ్బుతో కడిగించేది. నా పేరు చెప్పి సైకిల్ ఇచ్చిపోయిన మొదటి మనిషి ఒక నర్సమ్మ. లేడీస్ సైకిల్ మీద ఊళ్ళు తిరిగేది. వెనక చక్రం ఊగి చిమ్టాకు రుద్దుకుంటుంటే తొక్కలేక నడిపించుకుంటూ వచ్చింది. "రాత్రి కాన్పుకు పిలిస్తే ఎట్ల పోవాలె బిడ్డా, మంచిగ చెయ్యి" అంది. ఆ మాట విన్నాక ఆ చక్రాన్ని ఎంత శ్రద్ధగా చేశానో నాకు ఇప్పటికీ చేతుల్లో గుర్తుంది. ఆ తర్వాత ఆమె సైకిల్ వచ్చినప్పుడల్లా నాయిన నా ముందుకే జరిపేవాడు.

నాకు అన్నిటికన్నా ఎక్కువగా గుర్తుండిపోయినవి వలస వాళ్ళ సైకిళ్ళు. కాలం కానప్పుడు దేవరకొండ చుట్టుపక్కల తండాలు, ఊళ్ళు సగం ఖాళీ అయ్యేవి. పాలమూరు నుంచి పోయినట్టే మా దగ్గరి నుంచీ హైదరాబాద్‌కు, బొంబాయికి పనికి పోయేవాళ్ళు. సైకిల్‌ను ఇంటి గోడకు ఆనించి పోతారు. నెలల తరబడి గాలి లేని టైరు మీద నిలబడి, వానకు తడిసి, నిపిళ్ళు పుల్లలకు తుప్పుతో అతుక్కుపోతాయి. మిరుగు (మృగశిర కార్తె) ముందు తిరిగొచ్చి, విత్తనాల పనులకు సైకిల్ కావాలని తెచ్చేవాళ్ళు. అలాంటి చక్రం మీద పానా పెట్టి బలవంతం చేస్తే నిపిల్ మూలలు అరిగి గుండ్రమైపోతాయి, లేకపోతే పుల్ల మెలి తిరిగి తెగుతుంది. నాయిన తొందరపడేవాడు కాదు. ప్రతి నిపిల్ మొదట్లో, లోపల రింగు చిల్లు దగ్గర కిరోసిన్ చుక్క వేసి రాత్రంతా ఉంచేవాడు. పొద్దున మళ్ళీ ఒక చుక్క. తర్వాత బిగించకుండా ముందు వెనక్కి కొంచెం వదిలేవాడు, తుప్పు పట్టు విడిపోవడానికి. విడిపోయాక మర మీద నూనె పెట్టి అప్పుడు బిగింపు. సైకిల్ మనిషి పొద్దున్నే వచ్చి కూర్చుంటే చాయ్ తెప్పించి, "ఇంకో పూట ఆగు తమ్మీ, తొందరపడితే కొత్త పుల్లల పైసలు నీకే పడ్తయి" అనేవాడు. ఆ పూట పనికి ఆయన ఎప్పుడూ విడిగా పైసలు అడగలేదు. పుల్లలు కొత్తవి అమ్మితే లాభం ఎక్కువని తెలిసి కూడా పాతవి కాపాడటమే పనిగా పెట్టుకున్నాడు. నేను నేర్చుకున్న పనిలో నాకు ఎక్కువ గౌరవం ఉన్న భాగం ఇదే.

కొన్ని చక్రాలను వద్దని తిప్పి పంపేవాడు. ముందు పుల్లలు వదిలి, రింగును నేల మీద పెట్టి, ఎత్తుగా లేచిన చోట రెండు కాళ్ళూ మోపి అదిమి చూసేవాడు. మెలి ఒక్కసారిగా తిరిగి సరైపోతే దానికి ఇంకా ప్రాణం ఉన్నట్టు. అదిమాక కూడా వంకర పోకపోతే, సూటిగా చేయడానికి కొన్ని పుల్లల్ని విపరీతంగా బిగించి కొన్నింటిని పూర్తిగా వదలాల్సి వస్తే, ఇనుమే వంగిపోయిందని అర్థం. అలాంటి రింగును కంటికి సూటిగా చేసి ఇవ్వడం ఆయనకు చేతకాక కాదు. నాలుగు రోజుల్లో వదులు పుల్లలు తెగుతాయని తెలిసి చేయడానికి మనసొప్పేది కాదు. పాత చక్రాల నుంచి తీసి పెట్టిన మంచి రింగుల్లో ఒకటి తక్కువకు ఇచ్చి, వాళ్ళ హబ్బుకే అల్లి పెట్టేవాడు.

దసరా ముందు వారం మా షాపులో నిలబడ్డానికి చోటుండేది కాదు. ఆయుధ పూజకు సైకిల్ మంచిగుండాలని అందరూ ఓవరాలింగ్‌కు తెచ్చేవాళ్ళు. పెట్రోమాక్స్ లైటు కింద అర్ధరాత్రి దాకా చక్రాలే చక్రాలు. పండుగ పొద్దున హ్యాండిళ్ళకు బంతిపూల దండలు, హబ్బుల మీద కొత్త కుచ్చులు. నాయిన తన బెండు తీసే స్టాండుకు, పానాలకు కుంకుమ బొట్లు పెట్టేవాడు.

తొంభైలలో మోపెడ్లు, మోటార్ సైకిళ్ళు పెరిగాయి. వాటికీ మొదట పుల్లల చక్రాలే, నాయిన అవీ సరిచేశాడు. మోటార్ సైకిల్ చక్రం పుల్లలు లావు ఎక్కువ, పద్ధతి మాత్రం ఒకటే. అల్లాయ్ చక్రాలు వచ్చాక ఆ పని తగ్గింది. చూపు మందగించాక కూడా కొంతకాలం నాయిన మీటి, వేళ్ళతో పట్టి చేశాడు.

నేను ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటాను. మా అపార్ట్‌మెంటులో పిల్లల సైకిళ్ళు నా దగ్గరికి వస్తాయి. ఈ కొత్త సైకిళ్ళ గురించి ఒక సంగతి చెప్పాలి. రబ్బరు ముక్కలు రింగు పక్కలకు పట్టే బ్రేకులు ఉంటే చక్రం కొంచెం ఊగినా రుద్దుకుంటుంది, వెంటనే తెలుస్తుంది. డిస్క్ బ్రేకు ఉన్న సైకిళ్ళలో బ్రేకు హబ్బు దగ్గర పడుతుంది కాబట్టి రింగు ఎంత ఊగినా బ్రేకుకు తెలియదు. పుల్లలు తెగడం మొదలయ్యేదాకా పిల్లలకూ తెలియదు, తల్లిదండ్రులకూ తెలియదు. పైగా డిస్క్ బ్రేకు వేసినప్పుడు ఆపే బలమంతా హబ్బు నుంచి పుల్లల ద్వారానే రింగుకు పోవాలి, అంటే ఆ చక్రానికి సమమైన బిగువు ఇంకా ఎక్కువ అవసరం. కొత్త సైకిల్ కొన్న మొదటి నెలలో పుల్లలు తమ చోట సర్దుకుంటూ కొంత వదులవుతాయి. ఆ నెల కాగానే ఒకసారి సైకిల్‌ను ఎత్తి చక్రం తిప్పి, రింగుకు ఒక పెన్ను దగ్గరగా పట్టుకుని చూడండి. పుల్లల్ని జంటలుగా నొక్కి చూడండి. వేలికి తేడా తెలిస్తే షాపుకు తీసుకుపోండి, పంచరు కోసం పోయినంత తొందరగా పోండి.

ఊళ్ళో ఇంటి వెనక నాన్నదో, తాతదో 28 అంగుళాల నల్ల సైకిల్ ఉన్నవాళ్ళకు ఇంకో మాట. పాత ఇనుము కింద వేసేయకండి. రింగు లోపలి వైపు గోటితో గీకి చూడండి. పై పొర తుప్పు మాత్రమే రాలి కింద గట్టి ఇనుము తగిలితే అది నడిచే చక్రమే. నిపిళ్ళకు కిరోసిన్ చుక్క, అది దొరక్కపోతే పల్చటి కుట్టుమిషన్ నూనె వేసి రెండు రోజులు ముట్టుకోకండి. తర్వాత పుల్లలు ఎరిగిన పాత మెకానిక్ ఒకరు మీ మండల కేంద్రంలో ఇంకా ఉంటారు, ఆయన దగ్గరికి నడిపించుకుంటూ తీసుకుపోండి. చెప్పిన పైసలు బేరమాడకుండా ఇచ్చి, ఆయనకు కావాల్సినంత టైము ఇవ్వండి.